కాటారం పుంజు

జనగామ,
జనవరి రెండో వారం

సుమిత్రక్కా,

ఫోన్లో అరుస్తానని నన్ను తిడతావు. ఈ ఫారంలో వేల కోళ్ల గోలలో అరవకపోతే నా మాట నాకే వినపడదు. పైగా నీ ఫోను ఎప్పుడూ బిక్షపతి బావ జేబులోనే ఉంటుంది. అందుకే రాస్తున్నాను. కాగితం మీద ఎంత అరిచినా నీ చెవులకేమీ కాదు.

నీ పుంజు చేరింది. భూపాలపల్లి బస్సు కండక్టర్ దానికి కూడా టికెట్ కొట్టాడట. హన్మకొండ బస్టాండులో నా చేతికిస్తూ "మొక్కు కోడంట గదా తమ్మీ, పైలం. నా డ్యూటీల గింత బుద్ధిమంతుడైన ప్యాసింజర్‌ను నేను సూడలే" అన్నాడు. నిజమే, దారంతా ఒక్క కూత కూయలేదు. సంచిలో మెడ వాల్చి కునికిపాట్లు పడుతూ వచ్చాడు దొరగారు. ప్రయాణం అలసట కాబోలు.

"ఈడ కుక్కలు ఎక్కువైనయి, జాతర దాకా జర మీ దగ్గర ఉంచుకోండ్రి" అన్నావని ఒప్పుకున్నాను. బావ కాలు తీసేయాలని డాక్టర్లంటే నువ్వు సమ్మక్క తల్లికి మొక్కిన పుంజు అది. కాలు నిలిచింది. ఆ పుంజును ఉంచుకోమంటే కాదని ఎలా అంటాను? జాతరకు నేనూ చిన్నమ్మా దాన్ని ఇటునుంచే మేడారం తెస్తాం. నువ్వు బెల్లం తెచ్చుకో.

అయితే దాన్ని గేటు దాటించడానికి దొంగతనం చేసినంత పనైంది. మా ఓనరు మధుకర్ ఏమంత పెద్ద దొర కాదు, బ్యాంకు లోనుతో రెండు షెడ్లు వేసుకున్న మనిషి. బోర్డు మాత్రం కలెక్టరు రాయించినట్టు రాయించాడు. "ఇచట పనిచేయువారు కోళ్లు, బాతులు పెంచరాదు. ఉల్లంఘించినవారు పనినుండి తొలగింపబడుదురు." ఎందుకు పెంచరాదో లేదు. ఆయన వేల కోళ్లు పెంచవచ్చు, మేము ఒక్కదాన్ని పెంచితే నేరం! మా గుడ్లు మేము తింటే ఆయన గుడ్లు ఎవరు కొంటారనా? పదో తరగతి తప్పినా, గుడ్ల బండిలో పరిచే పాత పేపర్లు చదివి చదివి చట్టమంటే ఏమిటో నాకూ కొంచెం తెలుసు. కూలివాడు కోడిని పెంచుకోవద్దని ఏ చట్టంలోనూ లేదు. దాణా సంచిలో అడుగున పుంజు, పైన ఉల్లిగడ్డలు పెట్టుకొని దర్జాగా లోపలికి పోయాను.

చిన్నమ్మ దానికి బొట్టు పెట్టి షెడ్డు చివరనున్న తన గదిలో గంప కింద ఉంచింది. షెడ్డులో గుడ్లు ఏరుతూ మధ్య మధ్య పోయి చూసొస్తోంది. లక్ష్మా, రాజీ కూడా వచ్చి చూశారు. వాళ్లు బయ్యారం దగ్గరి తండావాళ్లు, మాతోపాటే పనిచేసే మొగుడు పెళ్లాలు. "ఏం చిలుకమ్మా, ఈ వయసుల ఇంట్ల మొగోణ్ణి పెట్టుకున్నవ్?" అని రాజీ అంటే చిన్నమ్మ చీపురు తీసుకొని వెంటపడింది.

బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
ఎల్లేశ్

కాటారం,
జనవరి

తమ్మీ ఎల్లేశ్,

ఉత్తరం అందింది. నువ్వు క్షేమం, చిన్నమ్మ క్షేమం అనుకుంటాను. బావ ఇప్పుడు కర్ర లేకుండా బస్టాండు దాకా నడుస్తున్నాడు.

పుంజు మేత తింటోందా? జుట్టు ఎర్రగానే ఉందా? రెట్ట ఎలా వేస్తోంది? వెంటనే రాయి. మీ దగ్గర కోళ్లకు చుక్కల మందు వేస్తారు కదా, డాక్టరు వచ్చినప్పుడు దీనికి కూడా ఒక చుక్క వేయించు. మరచిపోకు. ఓనరుకు తెలియకుండా వేయించలేకపోతే, లక్ష్మాను అడిగితే ఏదో ఒక దారి చూస్తాడు.

బోర్డు సంగతి నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే నేను పంపేదాన్ని కాదేమో.

చిన్నమ్మను పుంజు పక్కన పడుకోవద్దని చెప్పు. ఊరికే అంటున్నాను.

సుమిత్ర

జనగామ,
జనవరి చివర

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి పుంజు లేదు.

వచ్చిన మర్నాడే జుట్టు నల్లబడింది, నీళ్లు కూడా తాగలేదు. ఆ తర్వాత ఒక పొద్దున గంప ఎత్తేసరికి బిగుసుకుపోయి ఉంది. నీళ్ల మార్పు పడలేదనుకున్నాము. చిన్నమ్మ ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. మొక్కిన కోడి కదా, కోయలేము, బయట పారేయలేము. పసుపు కుంకుమ పెట్టి, తన పాత రైకలో చుట్టి, షెడ్డు వెనక గుంత తీసి పాతిపెట్టింది. "నా చేతిల పెడితే కాపాడలేకపోయిన్నే" అంటూ ఆ చేతులు కూడా కడుక్కోకుండా ఏడుస్తూనే గుడ్లు ఏరడానికి పోయింది. బాధపడకు. జాతరలో ఇంకో పుంజును కొందాం. తల్లి కాదంటుందా?

నేను రాయాలనుకున్నది ఇది కాదు. ఇక్కడ అసలు ఘోరం తర్వాత మొదలైంది.

చిన్నమ్మ గది దిక్కు వరుసలో కోళ్లు తూలడం మొదలైంది. ముందు కొన్నే. పొద్దుటికి పంజరాల నిండా చచ్చినవే. ఒక షెడ్డు అయ్యాక రెండో షెడ్డు. ఉత్త చేతులతో తీసి బస్తాల్లో నింపాము అక్కా. రాజీ అడిగింది, "సార్, చేతులకు ఏమన్న ఇయ్యరాదుండ్రి?" అని. "రేపు తెప్పిస్త" అన్నాడు మధుకర్. ఆ రేపు రాలేదు. రాజీ పాల ప్యాకెట్ల కవర్లు చేతులకు తొడుక్కుంది. నేను ఏమీ తొడుక్కోలేదు, కోపానికి గ్లౌజులెందుకని.

తర్వాత జీపులు వచ్చాయి. తెల్ల సూట్లు, అద్దాలు, రెండేసి గ్లౌజులు, బూట్లు. బర్డ్ ఫ్లూ అన్నారు. బతికి ఉన్న కోళ్లన్నిటినీ చంపి, జేసీబీతో గుంతలు తవ్వించి, సున్నం పోసి పూడ్చారు. ఆ సూటువాళ్లలో ఒకడు నన్ను చూసి "దూరం జరుగు, అంటుకుంటది" అన్నాడు. నవ్వొచ్చింది. నిన్నటిదాకా వాటిని కౌగిలించుకొని మోసినవాణ్ణి, ఇప్పుడు దూరం జరగాలట.

గేటు అవతల ఒక విలేఖరి నిలబడి ఉంటే పోయి అంతా చెప్పాను. "ఓనరుకు రోగమని తెలుసు, దాచిపెట్టి మాతో పని చేయించిండు" అన్నాను. పేరు వేసుకొమ్మన్నాను. వేశారు. ఒకరోజంతా ఆ పేపరు జేబులో పెట్టుకొని తిరిగాను.

జాతరకు మేము రావడం లేదు. మమ్మల్ని గదులు దాటి పోవద్దన్నారు.

ఎల్లేశ్

కాటారం,
ఫిబ్రవరి

తమ్మీ,

పుంజు మాట ఇంక ఎవరి దగ్గరా ఎత్తకు. నాకూ రాయకు. బావ చూస్తాడు.

పేపరుకు చెప్పిన మాట వాపస్ తీసుకో. ఆ మనిషి దాచాడని నువ్వు చూశావా? చూడంది చెప్పకు. గొడవ పెట్టుకోకు. నా మాట విను.

మందులిస్తే వేసుకోండి. చిన్నమ్మ ఎలా ఉంది?

సుమిత్ర

జనగామ,
ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం చూసి ఒళ్లు మండింది. "వాపస్ తీసుకో, గొడవ పెట్టుకోకు." మన అమ్మ ఇదే నేర్పింది, నువ్వూ అదే నేర్చుకున్నావు. పెద్దోడి ముందు తల వంచు, నిజమని తెలిసినా నోరు మూసుకో. నేను మూసుకోను. ఏదైనా జరిగితే నువ్వు కాటారంలో బస్సెక్కి రావడానికే ఒకపూట పడుతుంది. ఇక్కడ చచ్చేది మేము.

చిన్నమ్మకు జ్వరం. దగ్గు. అంబులెన్సు వచ్చి జిల్లా దవాఖానకు తీసుకుపోయి వేరే గదిలో పెట్టారు, గొంతులోంచి నమూనా తీసుకున్నారు. రిపోర్టు రావాలి. మా అందరికీ మాత్రలు ఇచ్చి పొద్దున, సాయంత్రం నుదుటికి మిషన్ పెట్టి చూస్తున్నారు. చిన్నమ్మ మాత్రలు మింగడం లేదట. నర్సు నాకు ఫోన్ చేసి "మీ పెద్దామె చెంపలేసుకుంటోంది కానీ మందు వేసుకోవట్లేదు" అంది. ఫోన్ ఇమ్మంటే ఇచ్చింది. "ఇది మందుకు పోయేది కాదు బిడ్డా. తల్లి కోపం. నన్ను అనుభవించనీయిండ్రి" అంది. సమ్మక్కకు ఇదొక్కటే పనా అని నవ్వాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇక మీ నిర్దోషి మధుకర్ సంగతి. మా కోసం రోజూ పాలు, కూరగాయలు తెచ్చి గేటు దగ్గర పెట్టి పోతున్నాడు. నిన్న పోకుండా నిలబడ్డాడు. మేము ఇవతల, ఆయన అవతల.

"పేపర్ల రాయించింది మల్లొకసారి చదువుకున్నవా ఎల్లేశ్?"

"నేను చెప్పిందే రాసిండ్రు సార్."

"నేను దాచిన్నా?"

"గ్లౌజులు అడిగితే రేపు, రేపు అన్నది ఎవరు?"

"గది నా తప్పే. కాదంటలేను. కోళ్లు సస్తుంటే నాకు చేతులు, మనుషులు ఏం యాదికి రాలే. కానీ దాచలే. కొక్కెర రోగమనుకున్న. టీకా వేయించినంక కొక్కెర ఎట్ల వచ్చెనని డాక్టర్‌కు అప్పుడే ఫోన్ చేసిన. లక్ష్మా పక్కనే ఉండె, అడుగు."

లక్ష్మా తల ఊపాడు. నేను లక్ష్మా వంక చూడలేదు.

"ఆఫీసోళ్లు నా కాగితం పక్కకు పెట్టిండ్రు" అన్నాడు. "దాచిండని తేలితే సర్కారు సాయం రాదు. సాయం రాకుంటే మల్ల కోడిపిల్లలను దింపుడు నాతోని కాదు. షెడ్లే నడువకుంటే మీ చిన్నమ్మ గది నేనెట్ల ఉంచాలె, నువ్వే చెప్పు."

బెదిరిస్తున్నాడు, చూశావా? చిన్నమ్మకు ఆ గది తప్ప ఏముందో ఆయనకు తెలుసు. చిన్నాయిన పోయాక టేకుమట్లలో ఇల్లు మరిది అమ్ముకుంటే ఒక పెట్టె పట్టుకొని ఇక్కడికి వచ్చింది. అప్పటినుంచి అదే ఇల్లు. ఆ గదిని అడ్డం పెట్టుకొని నా నోరు మూయించాలని చూస్తున్నాడు.

నేను వాపస్ తీసుకోను. నువ్వు ఎన్ని ఉత్తరాలు రాసినా సరే.

ఎల్లేశ్

కాటారం,
ఫిబ్రవరి చివర

తమ్మీ,

ఈ ఉత్తరం రాయడం, చింపడం, మళ్లీ రాయడం. బావ పొలానికి పోయినప్పుడే రాయాలి. ఈసారి చింపకుండా పోస్టు డబ్బాలో వేస్తాను.

ఇక్కడ కుక్కల బాధ ఏమీ లేదు.

మా వాడలో కోళ్లు చనిపోతుండేవి. ముందు పక్కింటి బుచ్చక్కవి, తర్వాత మావి. నిన్న తిన్న కోడి ఇవాళ మెడ వాల్చేది. కొక్కెర అనుకున్నాం, ప్రతి ఏడూ వచ్చేదే కదా. గంప కింద మిగిలింది ఆ పుంజు ఒక్కటే. అది కూడా పోతే తల్లికి ఏం ఇస్తాను? కొత్తది కొనొచ్చని నువ్వు తేలికగా రాశావు. బావ దవాఖాన మంచం మీద ఉన్నప్పుడు నేను ఆ పుంజు తల మీద చెయ్యి పెట్టి మొక్కాను. అప్పుడది అరచేతిలో పట్టేంత పిల్ల.

బుచ్చక్క అన్నది, "మీ తమ్ముడు కోళ్ల ఫారంలనే ఉన్నడు గదనే. ఆడ డాక్టర్లు, టీకలు, మందులు. కోళ్లకు గంతకన్న పెద్ద దవాఖాన యాడుంటది? ఆడికి తోలు, బతుకుతది" అని. నాకు ఆ మాట ఎంత బాగుందో! మనిషికి బాగాలేకపోతే పట్నం పంపుతాం కదా. అలాగే అనుకున్నాను. మందు ఉన్నచోటికి పంపుతున్నాననుకున్నాను కానీ, రోగం లేనిచోటికి పంపుతున్నానని అనుకోలేదు.

నిజం చెబితే చిన్నమ్మ భయపడి వద్దంటుందని కుక్కలన్నాను. ఆ ఒక్క మాట.

నీ ఉత్తరంలో జుట్టు నల్లబడిందని చదివినప్పుడే తెలిసింది. పశువుల డాక్టరు మా వాడకు కూడా వచ్చి చెప్పాడు, అది కొక్కెర కాదని. అప్పుడైనా రాయాల్సింది. గొడవ పెట్టుకోకు అని రాశాను కానీ, ఎందుకో రాయలేదు. నీకు నా మీద ఎంత కోపమొచ్చినా బాగుండేది. నువ్వు తప్పు మనిషి మీద కోపం పోగేసుకుంటుంటే చూస్తూ ఉన్నాను.

జాతరకు బెల్లం ఒక్కటే తీసుకుపోయాం. "పుంజేది?" అని బావ అడిగితే "ఎల్లేశ్ తెస్తుండు" అన్నాను. చీకటి పడ్డాక "గీ జనంల కలువలేదు" అన్నాను. ఆయన ఇప్పుడు కాలు సలిపినప్పుడల్లా పాదం వంక చూసుకుంటాడు. మొక్కు తీరలేదని తెలిస్తే ఆ కాలు మీద నమ్మకం పోతుందని నా భయం.

చిన్నమ్మ "తల్లి కోపం" అంటోందని నవ్వుతూ రాశావు. నాకు నవ్వు రాలేదు. తన చేతిలో మొక్కు పుంజు పోయింది కాబట్టే షెడ్లు ఖాళీ అయ్యాయని, తనకు జ్వరం వచ్చిందని అనుకుంటోంది ఆమె. పుంజు నా ఇంటినుంచే రోగంతో వచ్చిందని ఆమెకు చెప్పు. మాత్రలు వేసుకుంటుంది.

సుమిత్ర

జనగామ,
మార్చి

అక్కా,

చదివాను.

కుక్కలన్నావు. నేను నమ్మాను. ఉల్లిగడ్డల కింద పెట్టి తెచ్చాను. అందరిముందు నిలబడి, ఓనరు రోగం దాచాడని పేరు వేయించుకొని చెప్పాను. దాచింది మన ఇల్లు. మోసింది నా చెయ్యి. నా జేబులో ఆ పేపరు ఉన్నంతసేపూ నేను ఎంత గొప్పవాణ్ణో!

చిన్నమ్మ జ్వరం తగ్గింది. రిపోర్టులో ఏమీ లేదు, మామూలు జ్వరమే. నర్సు తిట్టి తిట్టి మాత్రలు మింగించింది. ఇంటికి తెచ్చాను. మనిషి సగమైంది. షెడ్డు వైపు చూడదు.

ఆమెకు నేను చెప్పను. నీ నోటితో నువ్వే వచ్చి చెప్పు. అప్పటిదాకా నాకు రాయకు.

ఎల్లేశ్

బయ్యారం దగ్గర తండా,
ఏప్రిల్

అక్కా,

రాయకు అన్నది నేనే. ముందుగా రాస్తున్నదీ నేనే.

లక్ష్మా వాళ్ల తండాలో ఉన్నాను. మిర్చి చివరి ఏరుడు నడుస్తోంది. ఫారం మూతపడ్డాక వాళ్లకూ పని పోయింది కదా. నేను ఎక్కడికి పోవాలో తెలియక బస్టాండులో కూర్చుంటే లక్ష్మా చెయ్యి పట్టి లేపి తెచ్చాడు. తన పళ్లెం పక్కనే నాకూ పళ్లెం పెడతాడు. రోజంతా మాట్లాడకుండా చేనులో వంగి ఉంటే రాజీ ఎత్తిపొడుస్తుంది, "ఏమాయె ఎల్లేశ్, పేపర్ల గంత లొల్లి చేస్తివి, మా మిర్చి తోటల నోరు మండిందా?" అని. నవ్వుతాను. వాళ్ల పని తీసింది నేను మోసుకొచ్చిన సంచి అని ఇంకా చెప్పలేదు. అన్నం తింటున్నప్పుడల్లా చెప్పాలనుకుంటాను. అన్నం అయిపోతుంది.

నీ ఉత్తరం వచ్చాక కొన్నాళ్లు ఏమీ చేయలేదు. ఎలాగూ ఎవరికీ తెలియదు, మధుకర్ మునిగితే మునగనీ అనుకున్నాను. కానీ మునిగేది చిన్నమ్మ గది. చివరికి మధుకర్ దగ్గరికి పోయాను.

ఖాళీ షెడ్డులో ఒక్కడే సున్నం కొడుతున్నాడు. అంత సద్దు లేకుండా ఆ షెడ్డును నేనెప్పుడూ చూడలేదు.

"సార్, కోడిని నేను తెచ్చిన."

"ఏ కోడి?"

"జాతర మొక్కు పుంజు. మా ఊరి దిక్కు నుంచి. సంచిల పెట్టుకొని తెచ్చిన. అదే ముందు సచ్చింది. ఆ తర్వాతనే మన కోళ్లు."

బకెట్ కింద పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"బోర్డు చూడలేదా?"

"చదివిన సార్. చదివే తెచ్చిన."

"చదివి కూడా..."

"పెంచొద్దన్నవు. ఎందుకొద్దో చెప్పలే. మమ్మల్ని తక్కువ చేసి రాసినవనుకున్న."

"చెప్తే ఇంటుంటివా?"

"ఏమో సార్. చెప్పలేదు గదా."

సున్నం చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తర్వాత తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాడు. "దాణా కంపెనీ పిల్లగాడు గిట్ల రాయించుమంటే రాయించిన. ఎందుకో నాకూ సగమే తెలుసు. మీకేం చెప్తును?" అన్నాడు. "పుంజును యాడ పెట్టినవ్?"

"నా గదిల."

"నీ గది గేటు కాడ ఉంటది. కోళ్లు మొదలు సచ్చింది ఆ చివర, చిలుకమ్మ గది దిక్కు." నా మొహం వంక చూశాడు. "సరే. ఆమె పేరు నువ్వు చెప్పలే, నేను ఇనలే. కానీ నువ్వు మాత్రం మల్ల ఈ గేటు లోపలికి రావద్దు ఎల్లేశ్. నాకు నీ మీద పగ లేదు. నిన్ను చూస్తే ఈ షెడ్డు యాదికొస్తది, అంతే."

ఇద్దరం ఆఫీసర్ దగ్గరికి పోయాం. పుంజు సంగతి నా పేరు మీదే రాసిచ్చాను. "దాచిపెట్టాడు" అన్న మాట అబద్ధమని రాశాను. గ్లౌజులు ఇవ్వలేదన్న మాట మాత్రం తీయలేదు. "అది కూడా కొట్టేద్దామా?" అని ఆఫీసర్ అడిగితే "అది నిజం సార్" అన్నాను. మధుకర్ వంక చూశాడు ఆయన. "నిజమే, ఉండనీయిండ్రి" అన్నాడు మధుకర్. ఆ మనిషిని నేను సరిగ్గా చూసింది అప్పుడేనేమో.

బయటికి వచ్చి టీ తాగుదామా అన్నాడు. నాకు ధైర్యం చాలలేదు, బస్సుందని చెప్పి వచ్చేశాను. బస్సు లేదు.

మధుకర్ సర్కారు సాయం కాగితం కదిలిందని నిన్న తెలిసింది. వానాకాలంలో ఒక షెడ్డులో పిల్లలను దింపుతాడట. చిన్నమ్మను ఉండమన్నాడట. ఒక్క షెడ్డుకు ఇంతమంది అవసరం లేదు కాబట్టి లక్ష్మాను, రాజీని పిలవలేదు.

చిన్నమ్మకు నేనింకా చెప్పలేదు. మొదట పంతంతో చెప్పలేదు. ఇప్పుడు, ఇన్నాళ్లు చెప్పకుండా ఎలా ఉన్నావురా అని అడుగుతుందని చెప్పలేకపోతున్నాను. అది నీ పని అని రాశాను. మన ఇద్దరి పని అని రాయాల్సింది. నువ్వు పోతావా?

ఎల్లేశ్

కాటారం,
జులై

తమ్మీ,

పోయి వచ్చాను. బావకు చెప్పే పోయాను, అంతా. ఆయన మంచం మీద కూర్చొని కాలు చాపి చూసుకున్నాడు. తర్వాత "కాలైతే నడుస్తుంది గదా, మొక్కుదేముంది, వచ్చే జాతరకు తీరుద్దాం" అన్నాడు. ఇన్నాళ్లు ఈ మాటకేనా నేను భయపడ్డదని మనసులో నన్ను నేను తిట్టుకున్నాను.

ఫారంలో పిల్లలను దింపారు. గేటు దగ్గర కొత్తగా స్నానాల గది కట్టారు. లోపలికి పోయేవాళ్లు స్నానం చేసి, అక్కడి బట్టలే కట్టుకొని పోవాలట. చేతులకు గ్లౌజులు, కాళ్లకు బూట్లు. నేను పిలిస్తే చిన్నమ్మ వాటితోనే వచ్చింది. ముందు నేను గుర్తుపట్టలేదు. గేటు తీస్తుందేమోనని చేతిసంచి కిందపెట్టి నిలబడ్డాను. తీయలేదు.

"ఇంట్ల కోళ్లున్నయా బిడ్డా?" అని అడిగింది. మంచిచెడ్డలకన్నా ముందు అదే అడిగింది.

"లెవ్వు చిన్నమ్మా. అన్ని సచ్చినయి."

"ఎప్పుడు?"

నేను దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "పుంజును తోలకముందే" అన్నాను. "మా వాడంత సస్తుండె. అది బతకాలని నీ దగ్గరికి తోలిన. కుక్కలని అబద్ధం చెప్పిన. రోగం నా ఇంటి నుంచే వచ్చింది. ఎల్లేశ్‌కు గప్పుడు తెలువదు. తర్వాత తెలిసినా చెప్పలే. ఇద్దరం చెప్పలే."

చిన్నమ్మ గేటు అవతల గడ్డిలోనే కూలబడింది. తిడుతుందనుకున్నాను. గ్లౌజులు తీయకుండా మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"అయితే ఆ తల్లి కాదా?" అంది.

"కాదు చిన్నమ్మా."

"నేనింకా, తల్లికి ఇచ్చినదాన్ని నా చేతిల చంపుకున్న, అందుకే గిన్ని వేల పాణాలు తీసుకపోయింది అనుకున్న. లక్ష్మా, రాజీ నా పాపానికే పని పోయి రోడ్డు మీద పడ్డరనుకున్న. ఆ గుంత దిక్కు చూసి రోజూ దండం పెడుతున్ననే. పొద్దున లేస్తే అదే పని. పిల్లలకు నీళ్లు పోసుడన్న మరిచిపోయిన్నేమో గని, దండం మరువలే."

ఆమె పెదవులు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో తెలియలేదు.

"మరి ముందుగాల్నే చెప్తే ఏమాయె బిడ్డా? నేనేమనేదాన్ని? నిన్ను ఏమన్నా అనేదాన్నా?" అంది.

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

తెచ్చిన సకినాలు గేటు సందులోంచి ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకుంది. "కోళ్లు సచ్చిన ఇంట్ల చేసినవి, లోపటికి తేవద్దు. సారు అంటలేడు, నేనే అంటున్న" అంది. నేను ఇవతల కూర్చున్నాను, ఆమె అవతల కూర్చుంది. బస్సు వేళ దాకా మాట్లాడుకున్నాం. దగ్గరికి తీసుకోవాలని ఎంత అనిపించిందో. లేచి నిలబడితే తను కూడా లేచి, నేను గేటుకు ఆనుకోకముందే ఒక అడుగు వెనక్కి వేసింది.

సుమిత్ర